పాట రాని నాయకుడు, పాడే సంఘం: సీజర్ చావెజ్ జీవితంలో సంగీతం

కాలిఫోర్నియా ద్రాక్షతోటల కూలీలను సంఘంగా నిలబెట్టిన సీజర్ చావెజ్‌కు శ్రుతిలో పాడటం రాదు. ఆ మాట ఆయనే చెప్పుకున్నాడు. కుర్రతనంలో ఆయన వెంటపడి విన్నవి ఇంట్లో వినిపించే మెక్సికో పాటలు కావు. డ్యూక్ ఎల్లింగ్టన్, బిల్లీ ఎక్‌స్టైన్‌ల బిగ్ బ్యాండ్లంటే, అంటే జాజ్ వాయించే పెద్ద వాద్యబృందాలంటే పడిచచ్చేవాడు. అలాంటి మనిషి సంఘం పెట్టగానే చేసిన మొదటి పనుల్లో మీటింగుల్లో పాటలు పాడించడం ఒకటి. పాడించినవి ఎల్లింగ్టన్ బాణీలు కావు. తనకు నచ్చిన సంగీతం వేరు, కూలీల చేత పాడించవలసిన సంగీతం వేరు అన్న సంగతి ఆయనకు మొదటినుంచీ తెలుసు. ఆ సంఘం గెలుపోటముల గురించి రాసినవాళ్ళు దీన్ని ముచ్చటగా ప్రస్తావించి వదిలేస్తుంటారు గానీ, సంఘం కట్టే పనిలో ఇది అసలు విషయాల్లో ఒకటి.

చావెజ్ 1927 మార్చి 31న అరిజోనాలో యూమా దగ్గర పుట్టాడు. 1930ల చివర్లో పన్ను బకాయిల కింద కుటుంబం పొలం పోగొట్టుకుంది. ఇంటిల్లిపాదీ కాలిఫోర్నియాకు వలస పోయి, పంట ఎక్కడ కోతకొస్తే అక్కడికి తిరిగే కూలీలయ్యారు. తండ్రికి ప్రమాదం జరగడంతో 1942లో ఎనిమిదో తరగతితోనే చదువు ఆగిపోయింది. ఆయన పదిహేనో ఏటినుంచి ఇరవయ్యో ఏటిదాకా సాగిన కాలం అమెరికాలో బిగ్ బ్యాండ్లు ఏలిన కాలం. ఇంట్లో అమ్మ చేసే నాటు వైద్యమూ, మెక్సికో పాటలూ రెండూ పాతచింతకాయ పచ్చడిలా కనిపించిన వయసది. ఎక్కడ పెద్ద బ్యాండు వస్తుందంటే అక్కడికి కాలిఫోర్నియాలోని డెలనో అనే ఊరి నుంచి బయల్దేరేవాడు. ఫ్రెస్నో అయితే 75 మైళ్ళు. శాన్ హోసే అయితే 200 మైళ్ళు దాటుతుంది. పొలంలో కూలికి వెళ్ళే కుర్రాడికి అది చిన్న ప్రయాణం కాదు.

రికార్డు కొనుక్కుని ఇంట్లో వినొచ్చు కదా అనిపిస్తుంది. ఆ రోజుల్లో దానికీ ఓ చిక్కు ఉంది, ఆ చిక్కు కూడా ఒక కార్మిక సంఘం వల్లే వచ్చింది. జేమ్స్ పెట్రిల్లో నాయకత్వంలోని అమెరికా సంగీతకారుల సంఘం 1942 ఆగస్టు 1 నుంచి రికార్డింగులు బహిష్కరించింది. ఒకసారి వాయించిన పాట రేడియోల్లో, జ్యూక్‌బాక్సుల్లో వేలసార్లు మోగి తమ పనినే మింగేస్తోందనీ, రికార్డు కంపెనీలు అందుకు తగిన సొమ్ము కట్టాలనీ వాళ్ళ పట్టు. డెక్కా కంపెనీ 1943 సెప్టెంబరులో దిగివచ్చింది. ఆర్‌సీఏ విక్టర్, కొలంబియా 1944 నవంబరుదాకా మొండికేశాయి. ఎక్‌స్టైన్ గాయకుడిగా, చార్లీ పార్కర్, డిజ్జీ గిలెస్పీ వాద్యగాళ్ళుగా ఉన్న 1943 నాటి ఎర్ల్ హైన్స్ బ్యాండు ఈ కారణంగానే రికార్డుకు ఎక్కకుండా పోయింది. 1944లో ఎక్‌స్టైన్ సొంత బ్యాండు పెట్టుకున్నాడు. అలాంటి బ్యాండును సరిగా వినాలంటే డాన్సు హాలుకు వెళ్ళక తప్పని రోజులవి.

ఆ సంగీతానికి ఒక వేషం కూడా ఉండేది. పొడవాటి కోటు, మోకాలి దగ్గర వదులై చీలమండ దగ్గర బిగిసే ప్యాంటు, వెడల్పు టోపీ. యుద్ధకాలంలో గుడ్డ వాడకంపై ఆంక్షలు పెట్టాక ఈ జూట్ సూట్ వేసుకోవడమే దేశద్రోహంలా చూశారు. 1943 జూన్‌లో లాస్ ఏంజెలిస్‌లో సైనికులు, నావికులు ఈ దుస్తుల్లో ఉన్న మెక్సికన్ కుర్రాళ్ళను వీధుల్లో పట్టుకుని కొట్టి, బట్టలు ఊడదీశారు. చావెజ్ కూడా ఆ తరహా ప్యాంట్లు వేసేవాడు. పోలీసుల ముందు అలా తిరగడానికి గుండె ధైర్యం కావలసివచ్చేది. కాబట్టి ఆ ఇష్టాన్ని ఊరికే పాశ్చాత్య మోజు అని తీసెయ్యలేం. ఇంటి పెద్దల మీదా, ఊళ్ళోని తెల్లవాళ్ళ పెత్తనం మీదా ఒకేసారి ఎదురుతిరగడం అది.

ఇంత ఇష్టమున్న సంగీతం సంఘంలోకి ఎందుకు రాలేదు? జవాబు దాని నిర్మాణంలోనే ఉంది. 1940ల బిగ్ బ్యాండులో పదిహేను నుంచి పద్దెనిమిది మంది ఉంటారు: ఐదు శాక్సఫోన్లు, ఏడెనిమిది ట్రంపెట్లు ట్రాంబోన్లు, పియానో, బేస్, డ్రమ్స్, గిటార్. ఎవరి భాగం వాళ్ళకు కాగితం మీద రాసి ఉంటుంది, ఏళ్ళ తరబడి సాధన చేసినవాళ్ళే వాయించగలరు. హాల్లో ఉన్నవాళ్ళ పని వినడం, ఆడటం. వాళ్ళు గొంతు కలపడానికి అందులో ఖాళీ ఉండదు. పొలం గట్టున సమ్మెలో నిలబడ్డ మనిషికి కావలసింది దీనికి నేరుగా తిరగబడ్డ సరుకు. ఒక్క గిటారుతో నడవాలి, గిటారు లేకపోయినా నడవాలి. నిన్న వచ్చినవాడు ఇవాళ పాడగలగాలి.

ఈ సంగతి చావెజ్‌కు తెలిసివచ్చింది 1950ల మధ్యలో, మదేరా అనే ఊళ్ళో. 1952లో శాన్ హోసేలో ఫ్రెడ్ రాస్ అనే నిర్వాహకుడు ఆయన్ను కమ్యూనిటీ సర్వీస్ ఆర్గనైజేషన్‌లోకి తెచ్చాడు. ఊరూరా తిరిగి మెక్సికన్ అమెరికన్ల చేత ఓటరు నమోదు చేయించడం, శాఖలు పెట్టడం అక్కడి పని. రాస్ నేర్పిన పద్ధతిలో పెద్ద సభలకు ముందు ఇంటి మీటింగులు ఉంటాయి: ఒకరి ఇంట్లో కొద్దిమంది ఇరుగుపొరుగు కూర్చుంటారు, గోడు చెప్పుకుంటారు, వాళ్ళలోంచి ఒకరు మరుసటి మీటింగుకు తమ ఇల్లు ఇస్తారు. ఆ తిరుగుడులోనే మదేరాలో ఒక చిన్న పెంటెకోస్టల్ సంఘం ప్రార్థన చూశాడు. పట్టుమని పన్నెండు మంది లేరు. అయినా రెండొందల మంది కూర్చునే కాథలిక్ పూజలో కనిపించని ఊపు అక్కడ కనిపించింది. అందరూ పాడుతున్నారు, చప్పట్లు కొడుతున్నారు, ఒక్కరూ ఊరకే కూర్చోలేదు. మీటింగుల్లో పాడించాలన్న ఆలోచన అక్కడే పుట్టి ఉంటుందని ఆయన తర్వాత చెప్పాడు. తనకు పాట రాదు కాబట్టి అది తనకు కష్టమైందని కూడా ఒప్పుకున్నాడు.

ఇక్కడ ఆగి చూడవలసినది ఆ పన్నెండు అనే అంకె. జనం తక్కువగా ఉన్నప్పుడే పాట ఎక్కువ పనిచేస్తుంది. ఐదొందల మంది సభలో ఒకడు నోరు మెదపకపోయినా ఎవరికీ తెలియదు. పన్నెండు మందిలో తెలిసిపోతుంది. ఉపన్యాసం వింటున్న మనిషి ఒప్పుకున్నాడో లేదో బయటికి కనపడదు. పాడుతున్న మనిషి మాత్రం అందరి ఎదుటా ఒక చిన్న అడుగు వేసినట్టే. యజమాని కంట పడతామేమోనని వెనక బెంచీలో తలదించుకుని కూర్చున్న కూలీ చేత ముందు చప్పట్లు కొట్టించి, తర్వాత పల్లవి అనిపించి, ఆ తర్వాత చందా పుస్తకం ముందు పెట్టడం ఒక వరుస. వరుస తప్పితే చందా రాదు.

1962లో ఆయన పాత సంస్థకు రాజీనామా చేసి డెలనో చేరాడు. సెప్టెంబరు 30న ఫ్రెస్నోలో నేషనల్ ఫార్మ్ వర్కర్స్ అసోసియేషన్ మొదటి మహాసభ జరిగింది. నెలకు 3.50 డాలర్ల చందా పెట్టారు. గంటకు డాలరు చుట్టుపక్కల సంపాదించే కుటుంబానికి అది భారమే, కానీ డబ్బు కట్టినవాడే సంఘం తనదనుకుంటాడన్నది ఆయన లెక్క. బదులుగా చావు ఖర్చుల బీమా ఇచ్చారు, మరుసటి ఏడు రుణ సంఘం పెట్టారు. అందుకు తమ్ముడు రిచర్డ్ తన ఇల్లు తాకట్టు పెట్టి 3,700 డాలర్లు తెచ్చాడు.

ఆ మహాసభలోనే ఎర్రగుడ్డ మీద తెల్లని వృత్తం, మధ్యలో నల్ల గద్దతో జెండా ఆవిష్కరించారు. ఆ గద్ద రెక్కల అంచులు మెట్లు మెట్లుగా, అన్నీ సరళరేఖల్లో ఉంటాయి. బొమ్మలు వేయడం రానివాడు కూడా స్కేలు పెట్టి గీసుకోవాలి, కుట్టు రాని ఇల్లాలు కూడా గుడ్డ కత్తిరించుకోవాలి అని కావాలనే అలా గీశారు. సంఘం పాటలు కూడా ఇదే కొలతతో వచ్చాయి. వంపులు, గమకాలు ఉన్న బాణీ వినడానికి బాగుంటుంది గానీ చేతులు మారితే చెడిపోతుంది.

1965 సెప్టెంబరు 8న లారీ ఇట్లియాంగ్ నాయకత్వంలో ఫిలిపినో కూలీలు డెలనో ద్రాక్షతోటల్లో పని ఆపేశారు. గంటకు 1.40 డాలర్లు, పెట్టెకు 25 సెంట్లు వాళ్ళ డిమాండు. సెప్టెంబరు 16న, అంటే మెక్సికో స్వాతంత్ర్య దినాన, చావెజ్ సంఘం చర్చి హాల్లో సభ పెట్టి సమ్మెలో చేరింది. దాంతో ఫ్యాక్టరీ సమ్మెల్లో లేని ఒక ఇబ్బంది ఎదురైంది. ఫ్యాక్టరీకి గేటు ఉంటుంది, పనిలోకి వెళ్ళేవాడు దాన్ని దాటాలి, గేటు దగ్గర నిలబడితే చాలు. తోటకు గేటు లేదు. మైళ్ళ పొడవు రోడ్డు, రెండు పక్కలా తీగల వరుసలు. పికెట్ చేసేవాళ్ళు, అంటే పనిచోట నిలబడి పనిలోకి వెళ్ళేవాళ్ళను ఆపచూసే సమ్మెదారులు, తోటలో కాలు పెడితే అక్రమ ప్రవేశం కేసు, కాబట్టి రోడ్డు అంచున్నే నిలబడాలి. రోడ్డు దగ్గరి వరుసల్లో పనిచేస్తున్న ముఠాను మేస్త్రీ లోపలి వరుసల్లోకి తోలుకుపోతే కళ్ళకు కనిపించడం కూడా మానేస్తారు. ఇక మిగిలింది శబ్దమే.

శబ్దం దూరం పోవడానికి దాని లెక్కలు దానికున్నాయి. ఆరుబయట నైలాన్ తీగల గిటారు పాతిక ముప్ఫై మీటర్లు దాటితే వినపడదు. ఒంటరి గొంతు అరిస్తే ఇంకొంత దూరం పోతుంది కానీ మాటలు తెలియవు. చేతి మైకు గొంతులోని మధ్యస్థాయిని మాత్రమే మోస్తుంది. కింది స్థాయి మాయమవుతుంది, పాట పాడితే రేకు డబ్బా మోగినట్టుంటుంది. అందుకే మైకులో పొట్టి మాటలే పనిచేస్తాయి. ‘వెల్గా’, అంటే సమ్మె, అలాంటి మాట: రెండు అక్షరాలు, తెరుచుకున్న అచ్చుతో ముగింపు, ఎంతసేపైనా సాగదీయవచ్చు. పదిమంది ఒకేసారి అరిస్తే తోట లోపలికి వినిపిస్తుంది. యజమానుల మనుషులు ట్రాక్టర్లు, కార్ల రేడియోలు పెద్దగా పెట్టి దాన్ని ముంచడానికి చూశారు. అధికారులకూ అది కంటగింపైంది. ఆ మాట అరవకూడదని కెర్న్ కౌంటీ పోలీసులు ఆంక్ష పెడితే, 1965 అక్టోబరు 19న దాన్ని ధిక్కరించి 44 మంది అరెస్టయ్యారు. చావెజ్ భార్య హెలెన్ వాళ్ళలో ఒకరు. ఆయన ఆ రోజు బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో విద్యార్థుల ముందు మాట్లాడుతున్నాడు. అక్కడే ఈ వార్త చెప్పి, మధ్యాహ్నం భోజనం డబ్బులు ఇమ్మని అడిగాడు, ఇచ్చారు. ఒక్క మాటను నిషేధించి ఆ మాటను రాష్ట్రమంతా తెలిసేలా చేసినవాళ్ళు పోలీసులే.

అంటే రోడ్డు మీద పాటకు పెద్ద పని లేదన్నమాట. పాట పనిచేసింది శుక్రవారం రాత్రులు. డెలనోలోని ఫిలిపినో హాల్లో ప్రతి శుక్రవారం సమ్మెదారుల సభ జరిగేది. వారం పొడుగునా జీతం లేకుండా రోడ్డు మీద నిలబడి, తమ కళ్ళ ముందే వేరేవాళ్ళు పనిలోకి పోవడం చూసినవాళ్ళు అక్కడికి చేరేవారు. సమ్మె చెదిరిపోయేది పికెట్ దగ్గర కాదు, అప్పుల లెక్కలు చూసుకునే ఆ రాత్రుల్లోనే. 1965లో లూయిస్ వాల్డెజ్ మొదలుపెట్టిన ఎల్ తియాత్రో కాంపెసినో అనే నాటక దళం అక్కడా, లారీ బల్లల మీదా ఆడేది. పావుగంట లోపు ముక్కలు. మెడలో అట్ట తగిలించుకుంటే పాత్ర తయారు: ఒకడి మెడలో ‘యజమాని’, ఇంకొకడి మెడలో ‘సమ్మెద్రోహి’. నటించేవాళ్ళు కూలీలే. నాటికకూ నాటికకూ మధ్య పాట, పాటలో అందరికీ వాటా. మన బుర్రకథలో వంతపాటగాళ్ళు చేసే పనిని ఇక్కడ హాలంతా చేసేదనుకుంటే దగ్గరగా ఉంటుంది.

పాటలు మూడు దారుల్లో వచ్చాయి. మొదటిది కొర్రీదో. మెక్సికో సరిహద్దు ప్రాంతపు కథాగేయమిది: నాలుగు పాదాల చరణాలు, పాదానికి సుమారు ఎనిమిది అక్షరాలు, రెండో నాలుగో పాదాలకు ప్రాస. మొదట్లోనే ఏ ఏడు, ఏ ఊరు అని చెబుతుంది, చివర సెలవు తీసుకుంటుంది. మూడు మాత్రల నడక గానీ, రెండు మాత్రల పోల్కా నడక గానీ ఉంటుంది. ఈ చట్రం ప్రతి మెక్సికన్ కూలీ చెవిలో చిన్నప్పటినుంచీ ఉంది కాబట్టి, ఏదైనా ఘటన జరిగితే కొత్త పాట వెంటనే కట్టవచ్చు. కానీ కొర్రీదో వినే పాట. కథ తెలియనివాడు గొంతు కలపలేడు. సంఘ చరిత్ర చెప్పడానికి బాగా పనికొస్తుంది, నలుగురినీ పాడించడానికి అంతగా పనికిరాదు.

రెండో దారి, అమెరికా కార్మికోద్యమంలోనూ నల్లజాతి హక్కుల ఉద్యమంలోనూ అప్పటికే నలిగిన పాటలను స్పానిష్‌లోకి తెచ్చుకోవడం. ‘మేం కదలం’ అనే అర్థం వచ్చే పాట ఇందులో ఆదర్శం. చరణానికి ఒక్క పాదమే కొత్తది, మిగతాదంతా తిరిగి వచ్చేదే. ముందు పాడేవాడు ఆ కొత్త పాదాన్ని ఒకసారి గట్టిగా అందిస్తే జనం అందుకుంటారు. ఇవాళ పికెట్ చేస్తున్న తోట పేరు, నిన్న జైలుకెళ్ళినవాళ్ళ సంగతి, ఏదైనా ఆ ఖాళీలో పెట్టొచ్చు. చెడిపోయేది ఎక్కడంటే, పాడేవాడు కొత్త పాదాన్ని ముందు చెప్పకుండా నేరుగా పాడేసినప్పుడు. జనం మొదటి అక్షరాలు మింగుతారు, రెండు చరణాలు అలా పోతే నోరు మూసుకుంటారు.

మూడోది ‘దె కోలోరెస్’. రంగుల పాట. వసంతంలో పొలాలు, పక్షులు, ఇంద్రధనుస్సు. అందులో సమ్మె ఊసే లేదు, యజమాని మీద ఒక్క మాట లేదు. స్పానిష్ సంప్రదాయంలోని ఈ పాటను కుర్సీయో అనే కాథలిక్ భక్తి శిబిరాలు జనంలోకి తెచ్చాయి, చావెజ్ కూడా ఆ శిబిరంలో పాల్గొన్నవాడే. ఇది సంఘానికి అనధికార గీతమైపోయింది. కారణాలు వెతికితే చాలా దొరుకుతాయి. మూడు మాత్రల ఊగే నడక కాబట్టి చేతులు పట్టుకుని పక్కలకు ఊగవచ్చు. మూడే మూడు స్వరగుచ్ఛాలు (కార్డ్స్) తెలిస్తే గిటారు మీద వాయించవచ్చు. ఒక చరణంలో పుంజు, పెట్ట, పిల్లలు వాటి వాటి కూతలు కూస్తాయి, అక్కడికి వచ్చేసరికి చదువు రానివాళ్ళూ స్పానిష్ రానివాళ్ళూ పసిపిల్లలూ అందరూ గొంతెత్తుతారు. చర్చికి వెళ్ళే ముసలామెకు అది భక్తిపాట, కాబట్టి ఎర్రజెండా అంటే జంకే మనిషి కూడా పాడేస్తుంది. పాటలో రాజకీయం లేకపోవడమే దాన్ని రాజకీయంగా అంత పనికొచ్చేలా చేసింది. నినాదాలు కుక్కిన పాటలు రాసేవాళ్ళు ఈ సంగతి ఇప్పటికీ ఒప్పుకోరు.

1966 మార్చి 17న డెలనో నుంచి డెబ్భై మంది దాకా కాలినడకన రాష్ట్ర రాజధాని శాక్రమెంటో బయల్దేరారు. సుమారు 300 మైళ్ళు, 25 రోజులు, అంటే రోజుకు పన్నెండు మైళ్ళు. ముందు మెక్సికన్లు కొలిచే గ్వాదలూప్ మాత పటం. ఈస్టరు ఆదివారం ఏప్రిల్ 10న చేరేసరికి దాదాపు పదివేల మంది పోగయ్యారు. దారిలో ఉండగానే, ద్రాక్షతోటలున్న షెన్లీ కంపెనీ సంఘాన్ని గుర్తించడానికి ఒప్పుకుంది. నడిచేది పగలు, సభలూ నాటకాలూ పాటలూ రాత్రి ఆగిన ఊళ్ళో.

నడుస్తూ పాడటం అనుకున్నంత సులువు కాదు, ఊరేగింపులు నడిపేవాళ్ళందరికీ ఇది ఎదురయ్యేదే. శబ్దం సెకనుకు 340 మీటర్లు పోతుంది. వరుస వంద మీటర్లుంటే ముందున్నవాళ్ళ గొంతు వెనక్కి చేరడానికి 0.3 సెకన్లు పడుతుంది. నిమిషానికి 120 అడుగుల నడకలో ఒక్కో దెబ్బకు మధ్య ఉండేది అర సెకనే. అంటే వెనకవాళ్ళు సగం దెబ్బకు పైగా ఆలస్యంగా పాడుతుంటారు. వాళ్ళ గొంతు తిరిగి ముందుకు వచ్చి ముందువాళ్ళనూ ఈడుస్తుంది, పది నిమిషాల్లో పాట ముద్దవుతుంది. దీనికి చికిత్స మైకు పెంచడం కాదు. డప్పు గానీ గిటారు గానీ వరుస మొదట్లో కాకుండా నడుమ పెట్టాలి, అప్పుడు ఆలస్యం సగానికి తగ్గుతుంది. వరుస ఇంకా పొడవైతే ముప్ఫై నలభై మీటర్లకొకరు చొప్పున పాట అందించేవాళ్ళను పెట్టి, ఎవరి ముక్క వాళ్ళను పాడుకోనివ్వాలి. ఎక్కువ దూరం నడిచేటప్పుడు ఒకరు అని ఇంకొకరు అందుకునే పాటలైతే జనానికి ఊపిరి తీసుకునే సందు దొరుకుతుంది.

శ్రుతి దగ్గర ఇంకో పొరపాటు తరచుగా జరుగుతుంది. ముందు పాడేవాడు మంచి గాయకుడైతే తనకు హాయిగా ఉన్న శ్రుతిలో ఎత్తుకుంటాడు. పల్లవి పైస్థాయికి వెళ్ళేసరికి జనంలో మగవాళ్ళు కింది స్థాయికి దిగిపోతారు, ఆడవాళ్ళలో సగం మంది ఆగిపోతారు. సాధన లేని గొంతులు అన్నీ కలిసి హాయిగా పాడేది ఒక స్థాయికి కాస్త అటూ ఇటూ మాత్రమే. అందుకే పాటలో అన్నిటికంటే పై స్వరాన్ని ముందు సరిచూసుకుని, అక్కణ్ణుంచి కిందికి లెక్కవేసి శ్రుతి పెట్టుకోవాలి. పాట రాని చావెజ్ లాంటి నాయకుడు ఉండటం ఈ ఒక్క విషయంలో లాభమే. ఆయన అందుకోగలిగితే హాల్లో ఎవరైనా అందుకోగలరు.

పాటకు భాష అడ్డొచ్చిన చోట చప్పట్లు వచ్చాయి. ఫిలిపినోలు ఇలోకానో, టగాలోగ్ మాట్లాడేవారు, మెక్సికన్లు స్పానిష్. సభ చివర్లో అందరూ కలిసి నెమ్మదిగా ఒక్కో చప్పట్లు మొదలుపెడతారు, గుండె కొట్టుకున్నట్టు. క్రమంగా వేగం పెరుగుతుంది, చివరికి వర్షం కురిసినట్టయి ఒక్కసారి ఆగుతుంది. దీని కిటుకంతా మొదటి పది దెబ్బల్లో ఉంది: ఎవరో ఉత్సాహం పట్టలేక ముందే వేగం పెంచితే కలయిక పోయి మామూలు కరతాళ ధ్వనులైపోతాయి. ఈ సంఘంతో ముడిపడ్డ ఆ చప్పట్లు ఇవాళ అమెరికాలో చాలా విద్యార్థి, కార్మిక సభల్లో కనిపిస్తాయి.

చప్పట్లు సమానంగా పంచుకున్నారు గానీ పాటలు కాదు. ఫిలిపినోల సంఘమూ చావెజ్ సంఘమూ 1966 ఆగస్టులో కలిసిపోయాయి. పాటలు, మాత పటం, గద్ద జెండా, నాటకాలు, అన్నీ మెక్సికన్ రంగులోనే ఉన్నాయి. సమ్మె మొదలుపెట్టిన ఫిలిపినోలు తమ సంఘంలోనే అతిథులైనట్టు అయింది. ఇట్లియాంగ్ 1971లో తప్పుకున్నాడు. ఇంకో ఫిలిపినో నాయకుడు ఫిలిప్ వెరా క్రూజ్ 1977లో రాజీనామా చేశాడు. ఫిలిప్పీన్స్ నియంత మార్కోస్ ఆహ్వానం మీద చావెజ్ ఆ దేశం వెళ్ళడం అందుకు కారణం. విభేదాలు పాటల వల్ల రాలేదు, కానీ ఎవరి పాట పాడుతున్నారన్నది చూస్తే ఎవరి చేతిలో సంఘం ఉందో తెలిసిపోతుంది.

సమ్మెకు మద్దతుగా ద్రాక్ష కొనవద్దని జనాన్ని కోరే బహిష్కరణ నగరాలకు పాకినప్పుడు సంగీతం దాదాపు పక్కకు తప్పుకుంది. సూపర్‌మార్కెట్ వాకిట్లో కొనేవాళ్ళు పది సెకన్లలో దాటిపోతారు. అక్కడ చెల్లేది కరపత్రం, ఒక్క వాక్యం. పాట ఆ వాకిట్లో నిలబడ్డ కార్యకర్తలకు ఓపిక కోసమే. 1970 జులై 29న డెలనో యజమానులు ఒప్పందాల మీద సంతకాలు చేశారు.

ఆ తర్వాత కథ పాటకు అందనిది. ఒప్పందం వచ్చాక కూలీలను పనికి పంపే బాధ్యత సంఘం చేతికి వచ్చింది. ఎవరు సీనియరు, ఎవరిని ఏ తోటకు పంపాలి అన్న లెక్కల్లో ఒకే కుటుంబంలో వాళ్ళను వేర్వేరు తోటలకు పంపిన సందర్భాలున్నాయి, పాత చందా బకాయిలు కడితేనే పని అన్న నిబంధనతో కూలీలు విసిగిపోయారు. ఈ పనికి కావలసింది చిట్టాలు రాసే గుమాస్తాలు, ఫిర్యాదులు తేల్చే కమిటీలు. ఉద్యమం ఊపులో పైకొచ్చినవాళ్ళకు ఆ అలవాటు లేదు. మూడేళ్ళ ఒప్పందాలు 1973లో ముగియగానే యజమానులు పోటీ సంఘమైన టీమ్‌స్టర్లతో, అంటే లారీ డ్రైవర్ల సంఘంతో, సంతకాలు చేసుకున్నారు. ఆ వేసవి సమ్మెలో 3,500 మందికి పైగా అరెస్టయ్యారు, నాగి దైఫుల్లా, హువాన్ దె లా క్రూజ్ అనే ఇద్దరు ప్రాణాలు కోల్పోయారు. 1970ల చివర్లో చావెజ్ సొంత సంఘంలోనే అనుమానాలు పెంచుకుని పాత సహచరులను వెళ్ళగొట్టాడు. అంతకుముందు 1974లో పత్రాలు లేని వలస కూలీలకు వ్యతిరేకంగా సంఘం నడిపిన ప్రచారం కూడా ఆయన చరిత్రలో మరకే. పాటల పుస్తకాల్లో ఈ భాగాలు ఉండవు.

1975లో కాలిఫోర్నియా వ్యవసాయ కార్మిక సంబంధాల చట్టం వచ్చింది, రహస్య ఓటింగుతో సంఘాన్ని ఎన్నుకునే హక్కు ఇచ్చింది. దాని కింద వచ్చిన ప్రవేశ నిబంధన రోడ్డు అంచు సమస్యను తీర్చింది. పనికి ముందు గంట, భోజన వేళ గంట, పని తర్వాత గంట చొప్పున, ఏడాదిలో 120 రోజుల వరకు నిర్వాహకులు తోట లోపలికి వెళ్ళే వీలుండేది. గంట సమయంలో పాట పాడితే పుణ్యకాలం కాస్తా గడిచిపోతుంది. నేల మీద కూర్చుని తింటున్న నలుగురి పక్కన కూర్చుని మాట్లాడటమే అక్కడ పని. అంటే మళ్ళీ ఇంటి మీటింగు పద్ధతే.

సంగీతం మీద చావెజ్ చేసిన ఆఖరి పెద్ద పని రేడియో. 1983 మే 1న కేయూఎఫ్‌డబ్ల్యూ అనే ఎఫ్‌ఎం స్టేషను మొదలైంది, అదే తర్వాత రేడియో కాంపెసినా గొలుసుగా విస్తరించింది. అందులో మోగేది ఎల్లింగ్టన్ కాదు. కూలీలు నిజంగా వినే నోర్తేన్యో, రాంచెరా అనే మెక్సికో శైలుల పాటలు. వాటి మధ్యలో జీతం, ఆరోగ్యం, వలస చట్టాల సమాచారం. ఇది సరైన నిర్ణయం. తెల్లవారుజామున పనికి పోయే మనిషి సమాచారం కోసం రేడియో పెట్టడు, పాట కోసం పెడతాడు. పాట నచ్చకపోతే సమాచారమూ పోతుంది. కొర్రీదోలంటే ముఖం చిట్లించిన కుర్రాడే పెద్దయ్యాక వాటితో స్టేషను నడిపించాడు. ఆయన 1993 ఏప్రిల్ 23న అరిజోనాలోని శాన్ లూయిస్‌లో చనిపోయాడు. తమ్ముడు రిచర్డ్ చేసిన పైన్ చెక్కపెట్టె వెంట డెలనోలో ముప్ఫై అయిదు వేల మంది నడిచారని అంచనా.

తోటల్లోకి వెళ్ళే నిబంధన 46 ఏళ్ళు నిలిచింది. ఒక స్ట్రాబెర్రీ నర్సరీలోకి 2015లో నిర్వాహకులు చేతి మైకులతో వచ్చి పని చెడగొట్టారన్న ఫిర్యాదుతో మొదలైన కేసులో అమెరికా సుప్రీంకోర్టు 2021 జూన్‌లో 6–3 తీర్పుతో ఆ నిబంధనను కొట్టేసింది. యజమాని ఆస్తిలోకి ప్రవేశం ఇవ్వాలంటే పరిహారం చెల్లించాలని తేల్చింది. సంఘం మళ్ళీ రోడ్డు అంచుకు వచ్చింది. 2022 ఆగస్టులో డెలనో నుంచి శాక్రమెంటోకు 335 మైళ్ళు ఇంకోసారి నడిచారు. ఈసారి డిమాండు ఒక బిల్లు మీద గవర్నరు సంతకం. యజమాని స్థలంలో పోలింగుకు బదులు కూలీలు తమకు వీలైన చోట కార్డు మీద సంతకం చేసి సంఘాన్ని ఎన్నుకునే వీలు కల్పించే బిల్లు అది. సెప్టెంబరు 28న సంతకమైంది.